ఇంటికి ముందు పొరుగు

గత షాబాన్ నెలలో మదరసాకు వార్షిక సెలవులు ఇచ్చిన మూడవ నాడు మేము కడప నుండి బయలుదేరాము. గమ్యం స్పెయిన్ దేశపు ఆగ్నేయ మూలన, మధ్యధరా సముద్రానికి చేరువలో ఉన్న ముర్సియా ప్రాంతం. విహారం కోసం చేసిన ప్రయాణం కాదిది. మా ఆపా కుమారుడు పన్నెండేళ్ళుగా జర్మనీలో ఉద్యోగం చేస్తూ అక్కడి పౌరసత్వం పొందాడు. ఇంటి నుండే పని చేసుకునే వెసులుబాటు దొరికిన తరువాత, ఆ చలిదేశాన్ని విడిచి ఎండ కాసే చోట స్థిరపడాలని సంకల్పించాడు. ముర్సియాలోని రికోతే లోయలో ఒక పాత ఇల్లు, దాని వెనుక నిమ్మతోట చూశాడు. బేరం కుదిరింది. తండ్రి లేని బిడ్డ గనుక, బయానా ఇచ్చే ముందు ఇంటిపెద్దగా మేము ఒకసారి వచ్చి చూడాలని కోరాడు. ఆపా కూడా అదే మాట అన్నది.

ఫోనులో అతడు చెప్పిన ఒక మాట మమ్మల్ని ప్రయాణానికి మరింత పురికొల్పింది. "మామూ, ఇది ఇల్లు కొనడం కాదు. పోగొట్టుకున్న మన ఇంటిని మనం తిరిగి తీసుకోవడం" అన్నాడు. అందలూస్ పేరు వింటే, కితాబుల నడుమ వయసు గడిపినవారి మనసు కలుక్కుమనక మానదు. మేమూ అందుకు అతీతులము కాము. ఆ మాటను గుండెలో పెట్టుకునే విమానం ఎక్కాము.

అలికాంతే విమానాశ్రయంలో దిగి, మేనల్లుడి కారులో నైరుతి దిక్కుగా సాగాము. మట్టిరంగు కొండలు, అక్కడక్కడ తుప్పలు, వాటి నడుమ పూత పట్టిన బాదం చెట్లు. ఈ నేల మాకు కొత్తగా అనిపించలేదు. మా రాయలసీమ కరువు నేలలు కళ్ళముందు మెదిలాయి. నిజానికి ఇది మాకంటే పొడి ప్రాంతం. ఏడాది మొత్తం మీద కురిసే వాన దాదాపు 300 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అయినా స్పెయిన్‌లో నిమ్మ అత్యధికంగా పండేది ఇక్కడే. ఆ రహస్యమంతా సెగూరా నదిలోను, ఆ నదిని ఒడిసిపట్టిన కాలువల్లోను ఉన్నది.

ముర్సియా నగరాన్ని క్రీ.శ. 825లో కొర్దోబా పాలకుడైన ఉమయ్యద్ అమీర్ రెండవ అబ్దుర్రహ్మాన్ ఆజ్ఞతో నిర్మించారు. షేఖ్ ఇబ్న్ అరబీ 1165లో జన్మించినది ఈ నగరంలోనే. నగరం నుండి నదికి ఎదురుగా వాయవ్యానికి వెళితే కొండల నడుమ రికోతే లోయ వస్తుంది. ఆర్చెనా, ఉలెయా, ఒహోస్, రికోతే, బ్లాంకా, అబరాన్ మొదలైనవి అక్కడి ఊళ్ళు. అబరాన్ వంటివి ఓ మోస్తరు పట్టణాలు. రికోతే పదిహేను వందల జనాభా కూడా లేని పల్లె. సముద్రతీరానికి పోయే యాత్రికులు ఈ లోయ వైపు సాధారణంగా తొంగిచూడరు. ఇళ్ళు చవకగా దొరకడానికి అదొక కారణం. యువకులు పట్టణాలకు తరలిపోవడం మరొక కారణం.

లోయలో మొదటి రోజు మేనల్లుడు మాకు దారి చూపిస్తుంటే, మాటలు మాత్రం మేమే అతనికి విప్పి చెప్పవలసి వచ్చింది. కాలువను అక్కడివారు 'అసేకియా' అంటారు. అది అరబీ 'అస్సాఖియా'. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట 'అసూద్'. అది మన 'అస్సద్ద్'. తోటలోని నీటి తొట్టి 'అల్బెర్కా', అంటే 'అల్ బిర్కా'. వాననీటిని దాచే నేలతొట్టి 'అల్హీబే', అంటే 'అల్ జుబ్బ్'. నీటిచక్రం 'నోరియా', అంటే 'నావూరా'. భూమిని కొలిచే ప్రమాణం 'తావుల్య'. అదీ అరబీ నుండి వచ్చినదే. ముర్సియాలో ఒక తావుల్య అంటే 1,118 చదరపు మీటర్లు. మన లెక్కలో ఇరవై ఏడున్నర సెంట్లు. నమాజు పిలుపు వినబడని చోట, రైతుల నోట ఈ మాటలు వినబడడం మాకు వింతగా, కొంత బరువుగా తోచింది.

అబరాన్‌లో నది పక్కన ఒక పెద్ద నావూరా ఇప్పటికీ తిరుగుతున్నది. దాని వ్యాసం 12 మీటర్లు. మోటారు లేదు, కరెంటు లేదు. కాలువ ప్రవాహమే చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తన అంచులలోని అరలతో నీటిని పైకెత్తి, ఎత్తైన తోటలకు పారే కాలువలో పోస్తుంది. మేము చాలాసేపు అక్కడ నిలబడి దాని చప్పుడు విన్నాము.

నీటి పంపకానికి అక్కడ వంతులున్నాయి. ఎవరి వంతు ఏ రోజు, ఏ గంటకు అన్నది నిర్ణయమై ఉంటుంది. తగాదా వస్తే ముర్సియా మైదానపు రైతులకు 'సజ్జనుల సభ' అని అర్థం వచ్చే పేరుగల న్యాయసభ ఉన్నది. రైతులే న్యాయనిర్ణేతలు. గురువారాలలో కూర్చుని, వాదాలు నోటిమాటగానే విని, తీర్పు చెబుతారు. వాలెన్సియాలోని ఇటువంటి నీటి న్యాయసభతో పాటు దీనిని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

రెండవ రోజు సియేసా పట్టణానికి వెళ్ళాము. దాని ఎదుట కొండ మీద సియాసా అనే అందలూస్ కాలపు ఊరి శిథిలాలున్నాయి. క్రైస్తవ రాజ్యం ఆక్రమించిన తరువాత 13వ శతాబ్దంలో ఆ ఊరు ఖాళీ అయినది. ఏడువందలకు పైగా ఇళ్ళు మట్టిలో ఉండగా, త్రవ్వి వెలికితీసినవి 19. పట్టణంలోని ప్రదర్శనశాలలో వాటిలో రెండింటిని యథాతథంగా మళ్ళీ నిలబెట్టారు. వీధి గుమ్మం నుండి లోపలికి చూపు పోకుండా ప్రవేశం మలుపు తిరుగుతుంది. నడుమ ముంగిలి, చుట్టూ గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి. ఇంటి ఆడవారి గౌరవాన్ని కట్టడంలోనే కాపాడిన తీరు అది. "మన పెద్దవారు కడప కోటవీధిలో కట్టుకున్న ఇల్లూ ఇంతేగా మామూ" అన్నాడు మేనల్లుడు. అతని కళ్ళలో తడి చూశాము.

ఆ తడికి కారణమైన చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పడం అవసరం. 1243లో ముర్సియా కాస్టిల్ రాజ్యపు పాలన కిందికి వచ్చింది. ఆ శతాబ్దంలోనే రికోతే పేరు ధరించిన అర్రికోతీ అనే పండితుడు ముర్సియాలో పాఠాలు చెప్పేవాడు. గణితం, వైద్యం, తర్కం తెలిసినవాడు. రాజు పదవ అల్ఫోన్సో అతని కోసం ఒక విద్యాలయం ఏర్పరచగా, ముస్లిములు, క్రైస్తవులు, యూదులు ముగ్గురికీ బోధించాడని చరిత్రకారుడు ఇబ్నుల్ ఖతీబ్ వ్రాశాడు. మతం మారితే మరింత గౌరవం ఇస్తామన్నా ఒప్పుకోక, చివరకు గ్రనాడాకు వలసపోయాడు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్న మాకు ఆ వలస మరీ దగ్గరిదిగా అనిపించింది.

లోయవాసులు మాత్రం అక్కడే ఉండిపోయారు. 16వ శతాబ్దపు తొలినాళ్ళలో వారు క్రైస్తవులుగా మారవలసి వచ్చింది. 1609లో మూడవ ఫిలిప్ రాజు, పూర్వ ముస్లిముల సంతతిని దేశం నుండి వెళ్ళగొట్టే ఆజ్ఞలు మొదలుపెట్టాడు. 1612లో విచారణకు వచ్చిన ఒక డొమినికన్ సన్యాసి, ఈ లోయవాసులు మంచి క్రైస్తవులేనని నివేదించాడు. అయినా ఫలితం లేకపోయింది. 1613 చివరలో, 1614 ఆరంభంలో వారిని కార్తహేనా రేవుకు నడిపించి ఓడలెక్కించారు. స్పెయిన్ నుండి చిట్టచివరగా వెళ్ళగొట్టబడినవారు వీరే. ఇళ్ళూ, తోటలూ రాజఖజానా పాలయ్యాయి. 1615లో వెలువడిన 'డాన్ క్విక్సోట్' రెండవ భాగంలో, మారువేషంతో తన ఊరికి తిరిగివచ్చే ఒక బహిష్కృతునికి రచయిత సెర్వాంటెస్ పెట్టిన పేరు రికోతే.

ఇంత తెలిసిన మేనల్లుడు 'మన ఇల్లు' అనడంలో ఆశ్చర్యం లేదు. మూడవ రోజు ఆ ఇంటిని చూశాము. రెండంతస్తుల పాత ఇల్లు. గోడలు మందంగా ఉన్నాయి. పైకప్పు మరమ్మతు కావాలి. వెనుక రెండు తావుల్యల నిమ్మతోట, అంటే యాభై అయిదు సెంట్లు. చెట్ల నిండా కాయలు. ముగ్గురు అన్నదమ్ములకు తండ్రి నుండి వచ్చిన ఆస్తి. ముగ్గురూ దూర నగరాలలో ఉంటున్నారు.

కాగితాల విషయంలో పాఠకులకు ఉపయోగపడే కొన్ని సంగతులు ఇక్కడ చెబుతాము. విదేశీయుడు ఎవరైనా స్పెయిన్‌లో ఆస్తి కొనాలంటే ముందుగా 'ఎన్.ఐ.ఇ.' అనే గుర్తింపు సంఖ్య పొందాలి. ఆస్తి రిజిస్ట్రీ నుండి 'నోతా సింప్లే' అనే పత్రం తీసుకోవాలి. యజమాని ఎవరు, అప్పులు, తాకట్లు ఏమున్నాయి అన్నది అందులో ఉంటుంది. మన ఇ.సి. వంటిదే. పన్నుల కోసం 'కతాస్త్రో' అనే వేరే రికార్డు ఉన్నది. ఈ రెంటిలో విస్తీర్ణాలు ఒకటిగా ఉండకపోవడం మామూలే. మన అడంగల్‌కూ దస్తావేజుకూ పొంతన కుదరని బాధ తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. వారసులందరి సంతకాలు ఉన్నాయా, పొలానికి నీటి హక్కు ఉన్నదా, నీటి సంఘానికి బకాయిలు ఉన్నాయా అన్నవి చూడాలి. ఆ బకాయి మనిషిని కాక భూమిని పట్టుకుని వస్తుంది. చివరి దస్తావేజు నోటరీ ఎదుట జరుగుతుంది. పాత ఇంటిపై బదిలీ పన్ను దాదాపు ఎనిమిది శాతం.

మరొక ముఖ్య విషయం. ఇల్లు కొన్నంత మాత్రాన ఆ దేశంలో నివసించే అనుమతి రాదు. అయిదు లక్షల యూరోల ఆస్తి కొన్నవారికి నివాస అనుమతి ఇచ్చే పద్ధతి 2013 నుండి ఉండేది. దానిని 2025 ఏప్రిల్ 3 నుండి రద్దు చేశారు. మా మేనల్లుడు యూరోపు పౌరుడు గనుక అతనికి ఆ చిక్కు లేదు. ఇక్కడి నుండి డబ్బు పంపి కొందామనుకునేవారికి, రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఒక్కొక్కరికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల పరిమితి ఉన్నది.

బయానాను వారు 'అర్రాస్' అంటారు. కొనేవాడు వెనుదిరిగితే బయానా పోతుంది. అమ్మేవాడు వెనుదిరిగితే రెట్టింపు ఇవ్వాలి. మన ఫిఖ్హ్ గ్రంథాలలోని 'ఉర్బూన్', ఈ 'అర్రాస్' ఒకే పాత మూలానికి చెందిన మాటలు. దీని చెల్లుబాటుపై మజ్‌హబ్‌ల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. హంబలీలు అనుమతించారు, తక్కినవారు సాధారణంగా అనుమతించలేదు. 1993లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ గడువు నిర్ణయిస్తే చెల్లుతుందని తీర్మానించింది. వడ్డీకి అప్పు చేయక, కూడబెట్టిన సొమ్ముతోనే కొనాలని మేనల్లుడు ముందే నిశ్చయించుకున్నందుకు మేము సంతోషించాము.

ఇక్కడి వరకు అంతా సవ్యంగానే ఉన్నది. తోట గట్టు మీద నిలబడినప్పుడు మధ్యవర్తి చెప్పిన ఒక మాట మమ్మల్ని ఆపింది. "పక్క తోట ముసలాయనకు ఇప్పుడే ఏమీ చెప్పవద్దు. రిజిస్ట్రేషను జరిగి తొమ్మిది రోజులు గడవనివ్వండి" అన్నాడతను. ఎందుకని అడిగించాము.

సంగతి ఇది. ఒక హెక్టారు మించని వ్యవసాయ భూమిని బయటివారికి అమ్మితే, దానిని ఆనుకుని ఉన్న భూమి యజమాని అదే ధర చెల్లించి ఆ భూమిని తానే తీసుకోవచ్చునని 1889 నాటి స్పెయిన్ సివిల్ కోడ్ చెబుతున్నది. నడుమ కాలువో, దారో ఉంటే ఆ హక్కు లేదు. గడువు రిజిస్ట్రేషను నుండి తొమ్మిది రోజులు. చిన్న కమతాలు మరింత ముక్కలు కాకుండా చేసిన ఏర్పాటు అది. ఇక్కడ రెండు తోటల నడుమ ఉన్నది ఒక్క గట్టు మాత్రమే.

ఆ మాట వినగానే మేము ఏటేటా విద్యార్థులకు చెప్పే 'హిదాయా' పాఠం గుర్తుకు వచ్చింది. దానిలో షుఫా ప్రకరణం ఉన్నది. అమ్మకమయ్యే ఆస్తిపై ముందుగా హక్కు భాగస్వామిది. తరువాత నీటిలోను, దారిలోను పాలు ఉన్నవాడిది. ఆపైన ఆనుకుని ఉన్న పొరుగువాడిది. ఇది హనఫీ మార్గం. అందలూస్ ప్రజలు మాలికీలు. వారి మార్గంలో భాగస్వామికే తప్ప పొరుగువాడికి షుఫా లేదు. కనుక స్పెయిన్ చట్టంలోని ఈ నియమం మనవారి నుండి వచ్చిందని చెప్పుకోవడానికి ఆధారం లేదు. కాని ధర్మం ఎక్కడిదైనా ధర్మమే. పొరుగువాడి కన్నుగప్పి తొమ్మిది రోజులు దాగి ఉండడం అన్నది ఏ మార్గంలోను కొనుగోలు అనిపించుకోదు.

ఆ సాయంత్రం మేమిద్దరమూ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాము. వయసు డెబ్బై అయిదు దాటి ఉంటుంది. చెక్క కుర్చీలు వేసి, నారింజ పళ్ళు కోసి పెట్టాడు. మేనల్లుడు అన్నీ దాచకుండా చెప్పి, మా మాటలను అతనికీ, అతని మాటలను మాకూ తర్జుమా చేశాడు.

పెద్దాయనకు చట్టం తెలుసు. అమ్మకం సంగతి కూడా తెలుసు. చనిపోయిన యజమానిని ఆ తోట కోసం ఎన్నడో అడిగాడట. పిల్లలు తనకు మాటమాత్రమైనా చెప్పలేదట. అయినా ఎనిమిదేళ్ళుగా వారి చెట్లకు కూడా తానే నీరు పెడుతున్నాడు. "కోర్టుకు వెళ్ళి భూమిని తెచ్చుకోవచ్చు. పొరుగువాడిని తెచ్చుకోలేను కదా" అన్నాడు. తరువాత మేనల్లుడిని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "నీ నీటి వంతు అర్ధరాత్రి వస్తుంది. మడవ ఎత్తడానికి ఎవరు లేస్తారు?"

మేనల్లుడి వద్ద జవాబు లేదు. కొంతసేపటికి తన మనసులోని మాటే చెప్పాడు. నాలుగు వందల ఏళ్ళ క్రితం ఇక్కడి నుండి వెళ్ళగొట్టబడినవారి తరఫున ఈ ఇల్లు కొనాలనుకుంటున్నానన్నాడు. పెద్దాయన కోపగించలేదు. "మా పూర్వులు వెళ్ళినవారిలోని వారో, వెళ్ళి తిరిగి వచ్చినవారో, వారి ఇళ్ళలో చేరినవారో నాకు తెలియదు. కాలువ మాత్రం వారు త్రవ్వినదే. ప్రతి ఏడూ పూడిక తీసేది మేము" అన్నాడు.

తిరిగి వస్తూ మేనల్లుడు మౌనంగా ఉన్నాడు. మేమూ మా గుండెలో మోసుకువచ్చిన మాటను ఒకసారి తరచి చూసుకున్నాము. మేము కడపవారము. మా తాతలు త్రవ్వినది ఈ కాలువ కాదు. రికోతే నుండి వెళ్ళినవారి వారసులు ఉత్తర ఆఫ్రికాలో ఉండవచ్చు, ఈ పెద్దాయనే కావచ్చు. వారి దుఃఖం పట్ల మనకు సానుభూతి ఉండడం ఈమాన్‌కు శోభ. ఆ దుఃఖాన్ని మన దస్తావేజుగా చూపడం మాత్రం న్యాయం కాదు.

ఆ మరునాడు శుక్రవారం. లోయలోని ఆ చిన్న ఊళ్ళలో మాకు మసీదు కనబడలేదు. జుమాకు ముర్సియా నగరం వెళ్ళాము. అక్కడ సఫ్ఫులలో ఎక్కువమంది మొరాకో కూలీలు. ఈ ప్రాంతపు కూరగాయలు, పళ్ళు కోసేది ఎక్కువగా వారి చేతులే. 2025 జూలైలో ఈ ప్రాంతంలోనే తోర్రె పచేకో పట్టణంలో, ఒక వృద్ధునిపై జరిగిన దాడిని సాకుగా తీసుకుని, కొన్ని రాత్రుల పాటు మూకలు ఉత్తర ఆఫ్రికావారిని వెంటాడాయి. ఆ తరువాత హుమియా పురపాలక సంఘం, ఈద్ నమాజులు జరుగుతూ వచ్చిన క్రీడామైదానాలలో అటువంటి కార్యక్రమాలకు అడ్డుకట్ట వేసే తీర్మానం చేసింది. దానిని స్పెయిన్ కథోలిక బిషప్పుల సభ బహిరంగంగా ఆక్షేపించింది. దేశపు చట్టంలో 1992 నుండి ముస్లిములకు గుర్తింపు ఉన్నది. ప్రభుత్వ శ్మశానాలలో ప్రత్యేక స్థలం కోరే హక్కూ అందులో ఉన్నది. అయితే చట్టంలో ఉన్నది ఆ ఊరిలో అమలైనదా అన్నది ఇల్లు కొనేముందే విచారించుకోవాలి. బ్రతకడానికి ఇల్లు చూసుకునేవాడు జనాజా సంగతి కూడా చూసుకోవాలి.

ఆ రాత్రి ఆపాకు ఫోను చేశాము. ఇంటి ధర, గోడల మందం, పన్ను శాతం అన్నీ మేనల్లుడు వివరించాడు. ఆమె అన్నీ విని రెండే అడిగింది. "నీళ్ళు ఎట్లున్నాయి? పక్కింట్లో ఎవరున్నారు?" కె.సి. కాలువ కింద మడి చేసిన రైతు కూతురు ఆమె. ఇంటికంటే ముందు పొరుగును చూసుకోమనే అరబీ సామెతను మేము ఎన్నోసార్లు పాఠంలో చెప్పాము. ఆ సామెతను చదవకుండానే పాటించినది ఆమె.

వారం రోజుల మంతనాల తరువాత నిర్ణయమైనది ఇది. తోటను పెద్దాయన అదే ధరకు రెండు వాయిదాలలో తీసుకుంటాడు. ఇంటిని మేనల్లుడు వెంటనే కొనకుండా ఒక ఏడాది అద్దెకు తీసుకుంటాడు. ఆగస్టు ఎండ, జనవరి చలి, జుమాకు పోయే దారి, వీధివారి సలాం, అన్నీ చూసిన తరువాతనే బయానా. అమ్మకందారులలో పెద్దవాడు ముందు ముఖం చిట్లించినా, తరువాత ఒప్పుకున్నాడు. మధ్యవర్తికి మాత్రం మామీద కోపం తగ్గలేదు.

రమజాన్ చంద్రవంక కనబడేలోగా మేము కడప చేరాము. ఈద్ తరువాత మేనల్లుడు ఫోను చేశాడు. ఊరివారందరితో కలిసి పార పట్టుకుని కాలువ పూడిక తీశాడట. అరచేతులు బొబ్బలెక్కాయట. పెద్దాయనకు ఒంట్లో బాగాలేని ఒక రాత్రి, రెండు గంటలకు లేచి తానే మడవ ఎత్తాడట. 'మన ఇల్లు' అన్న మాట ఈసారి అతని నోట రాలేదు. పక్కింటివారి సంగతులు మాత్రం చాలా చెప్పాడు.

ఆపాను తన వద్దకు తీసుకుపోవాలని అతని కోరిక. ఆమె ఇంకా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టలేదు. "ఎండాకాలం గడవనీ, చూద్దాం" అంటున్నది.